ఫార్మాట్ మార్చమన్నాడు

శుక్రవారం భివండీలో మగ్గాలకు సెలవు. ఆ రోజు ఉదయం కామత్‌ఘర్ గల్లీల్లో మనుషులు ఒకరి మాట ఒకరికి వినబడుతున్నందుకు కొంచెం ఇబ్బంది పడుతూ తిరుగుతారు. 2006 నవంబరులో అలాంటి ఒక శుక్రవారం నాడు లక్ష్మీనర్సయ్య ఆరు నెలల మాసికం వచ్చింది. ఆయన కొడుకు కిషన్ ఊరవతల పూర్ణలోని గోదాము పనికి సెలవు పెట్టి, తెల్లవారకముందే లేచి, ఆ రోజు పనులను ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఎనిమిదింటికి సీడీ వేసి చూడడం. పన్నెండింటికి మాసికం, భోజనాలు. మూడింటికి అందరికీ సీడీ చూపించడం. కాగితం మీద అది చాలా సులభంగా కనిపించింది.

లక్ష్మీనర్సయ్య నలభై ఏళ్లు జాబర్‌గా పనిచేశాడు. జాబర్ అంటే ఆగిన మగ్గాన్ని, వాళ్ల మాటలో సాంచాను, నడిపించేవాడు. చుట్టుపక్కల ఏ షెడ్డులో మగ్గం మొరాయించినా ముందు ఆయన కోసమే మనిషిని పంపేవారు. ఏప్రిల్‌లో ఒక తెలుగు చానెల్ వాళ్లు వలస నేతకార్మికుల మీద అరగంట కార్యక్రమం తీస్తూ ఆయన పనిచేసే రహమత్ భాయ్ షెడ్డుకు వచ్చారు. మగ్గాలు నడుస్తుంటేనే బొమ్మ బాగుంటుందని పట్టుబట్టి, వాటి మధ్య ఆయన్ను నిలబెట్టి మాట్లాడించారు. ఆయన భార్య యమునాబాయి షెడ్డు చివర కండెల బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. కెమెరా మనిషి వీపు వెడల్పైనది. ఆయన రెండుసార్లు నవ్వినట్టు, రెండుసార్లు తన వైపు చేయి చూపించినట్టు మాత్రమే ఆమెకు తెలిసింది.

"నన్ను చూపిచ్చుకుంట ఏం చెప్పినవ్?" అని ఆమె ఇంటికి వచ్చాక అడిగింది.

"టీవీల చూసుకో," అన్నాడాయన.

మూడు వారాల తరువాత ఆయన గుండెనొప్పితో పోయాడు. ఆయన పోయిన అయిదో రోజున కార్యక్రమం వచ్చింది. చావు ఇంట్లో టీవీ పెట్టరు. పెట్టినా లాభం లేదు, ఆ గంటలో గల్లీ మొత్తానికి కరెంటు లేదు. హైదరాబాదు నుంచి ఫోన్ చేసిన బంధువులు 'చూసినం, మంచిగ కనవడ్డడు' అన్నారు గాని ఏం చెప్పాడో ఒక్కరూ చెప్పలేకపోయారు. నాకా కూడలి దగ్గర జిరాక్సు, వీడియో దుకాణం నడిపే శంకరరావు మాత్రం తన కంప్యూటర్‌లోని టీవీ కార్డుతో దాన్ని రికార్డు చేసి, పన్నెండో రోజున ఒక సీడీ తెచ్చి ఇచ్చాడు. ఇంట్లో సీడీ ఆడించే పరికరం లేదు. యమునాబాయి ఆ సీడీని ఆయన కళ్లజోడు పెట్టె కింద ఉంచింది. ఆరు నెలల్లో దాని గురించి ఒక్కసారీ అడగలేదు. ఆమె అడగదని తెలిసే కిషన్ దీపావళి బోనస్‌తో డీవీడీ ప్లేయర్ కొన్నాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆమె అడిగి, ఆయన జవాబు చెప్పకుండా వెళ్లిన ప్రశ్న అదొక్కటే.

ఎనిమిదింటికి కిషన్ కూతురు నేహ సీడీ వేసింది. పదేళ్ల పిల్ల, మరాఠీ బడిలో చదువుతుంది.

"డాడీ, 'రాంగ్ డిస్క్' దాఖవ్తోయ్," అంది.

కిషన్ సీడీ తీసి చొక్కాతో తుడిచాడు. తెర మీద మళ్లీ అదే మాట. కళ్లజోడు గుడ్డతో తుడిచాడు. మళ్లీ అదే. యమునాబాయి వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తోంది. ఆమెకు గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. గది అవతల నుంచి ఆమె పెదవులు కదిపితే నేహ లేచి వెళ్లి తండ్రికి మంచినీళ్లు తెచ్చింది. కిషన్‌కు మాత్రం తల్లి ఏదైనా రెండుసార్లు చెప్పాలి. తండ్రి అతన్ని బడికి పంపాడు గాని మగ్గాల షెడ్డులోకి ఎన్నడూ రానివ్వలేదు.

"గంటల వస్తనమ్మా," అని అతను సీడీ జేబులో పెట్టుకుని షేరింగ్ ఆటో ఎక్కాడు.

దుకాణంలో శంకరరావు లేడు. వసయి వెళ్లడానికి భివండీ రోడ్ స్టేషన్‌కు పోయాడు. కంప్యూటర్ ముందు ఆర్తి కూర్చుని ఉంది. ఆ దుకాణంలో కంప్యూటర్ పనులన్నీ ఆమెవే. మరాఠీ మనిషి. కంప్యూటర్ గురించి ఆమెకు తెలియనిది తక్కువ. తెలుగులో తెలిసినది అంకెలు మాత్రమే. కిషన్ శంకరరావుకు ఫోన్ చేశాడు.

"శంకరన్నా, సీడీ నడుస్తలేదు."

"నడువది తమ్మి. అది టీవీ కార్డు ఫైలు. నా కంప్యూటర్ల తప్ప ఇంకెక్కడ ఆడది. అన్ని ప్లేయర్లల్ల ఆడాలంటే ఫార్మాట్ మార్చాలె."

"నాకు తెల్వదన్నా."

"నీకెందుకు తెల్వాలె? ఆర్తికి తెలుసు. డీ డ్రైవ్ల ఉన్నది, ఫార్మాట్ మార్చుమను. బండొస్తున్నది, ఉంట."

కిషన్‌కు తన హిందీ మీద నమ్మకం ఎక్కువ. గోదాములో లారీ డ్రైవర్లతో రోజూ మాట్లాడేవాడు. తెలుగు మాట తోకను కొంచెం కత్తిరిస్తే హిందీ అవుతుందని అతని అనుభవం. చాలాసార్లు అయింది కూడా.

"మేడమ్, సేఠ్ బోలా, డీ డ్రైవ్ కా ఫార్మాట్ మార్‌నే కా," అన్నాడు.

ఆర్తి తలెత్తి చూసింది. "పూరా డీ డ్రైవ్?"

"పూరా."

"సబ్ జాయేగా, భావు."

అన్నీ పోతాయని ఆమె హెచ్చరించింది. అన్నీ సీడీలోకి పోతాయని అతను విన్నాడు.

"జానా హీ చాహియే," అన్నాడు తృప్తిగా. "ఉసీ కే లియే తో ఆయా."

"సేఠ్ ఖుద్ బోలా?"

"ఖుద్. స్టేషన్ సే."

కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తోందని, ఒకసారి అంతా తుడిచేస్తే మంచిదని శంకరరావు దసరా నుంచి అంటూనే ఉన్నాడు. ఆర్తి పని మొదలుపెట్టింది. అర నిమిషంలో ముగించింది. ఇంత తొందరగానా అని కిషన్ ఆశ్చర్యపోయాడు. పూర్తిగా చేస్తే గంట పడుతుందని, ఇంకా టీ తాగలేదు గనుక పైపైన చేశానని ఆమె చెప్పింది.

"అచ్ఛా హై. అబ్ సీడీ దో," అన్నాడతను చేయి చాపి.

"కౌన్సా సీడీ?" అంది ఆర్తి.

ఇద్దరూ మొదటి నుంచి మళ్లీ చెప్పుకున్నాక, డీ డ్రైవ్ మొత్తం తుడిచిపెట్టుకుపోయిందని బయటపడింది. చివరికి అతని జేబులోని సీడీయే దిక్కయింది. ఆర్తి దాన్ని కంప్యూటర్‌లో వేసి చూసింది. అందులో ఒక్క చిన్న గుర్తు ఉంది. శంకరరావు ఆనాడు హడావిడిలో ఫైలుకు బదులు దాని షార్ట్‌కట్‌ను సీడీకి ఎక్కించాడు.

"షార్ట్‌కట్ తో ఔర్ అచ్ఛా హై నా, జల్దీ జాయేగా," అన్నాడు కిషన్ ఆశగా.

ఆర్తి తన హిందీలో ఓపికగా వివరించింది. షార్ట్‌కట్ అంటే చీటీ మీద రాసిన చిరునామా. ఇల్లు కాదు. ఇల్లు డీ డ్రైవ్‌లో ఉండేది. దాన్ని ఇప్పుడే తన చేతులతో పడగొట్టింది.

కిషన్ స్టూలు మీద కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టె కింద ఆరు నెలలు భద్రంగా ఉన్నది ఒక చిరునామా అని అతనికి మెల్లగా అర్థమైంది. తల్లితో ఫోన్‌లో ఏం చెప్పాలో తెలియక, పక్కింటి నంబరు ఆర్తికి ఇచ్చి, రావడం ఆలస్యమవుతుందని చెప్పమన్నాడు.

పక్కింట్లో ఉండేది యమునాబాయి చెల్లెలు కనకవ్వ. నలభై ఏళ్లు మగ్గాల నడుమ బతికిన మనిషి. ఎదురుగా నిలబడి మాట్లాడితే ఎంత చిన్న మాటైనా ఆమెకు అందేది. ఫోన్‌లో మాత్రం ఏ మాటా సరిగా అందేది కాదు. ఈ తేడా ఎందుకో ఎవరూ ఆలోచించలేదు. ఆ ఫోనే మంచిది కాదనుకున్నారు.

"కిషన్ భావు నే ఫార్మాట్ మార్ దియా. సబ్ గయా. ఆనే మే దేర్ హోగా," అని ఆర్తి చెప్పింది.

కనకవ్వ ఫోన్ పెట్టేసి, యమునాబాయి వాకిట్లో గారెలకు పప్పు రుబ్బుతున్న గల్లీ ఆడవాళ్లు ఆగమ్మ, సత్తెమ్మల దగ్గరికి వచ్చింది.

"కిషన్ రహమత్‌ను కొట్టిండట," అంది. "అంత అయిపోయిందట. పిలగాడు వచ్చేటాలకు ఆలస్యమైతదట."

"ఎందుకు ఆలస్యం?" అంది ఆగమ్మ.

"ఠాణాల కూసుండవెట్టిన్రేమో."

"ఏ రహమత్?"

"మనకు ఎరికైన రహమత్ ఎవలు? సాంచాల రహమత్ భాయే. అన్నం పెట్టిన మనిషిని. గిట్ల చేస్తడా?"

"అక్కకు చెప్పుదమా?" అంది సత్తెమ్మ.

"ఇయ్యాల్టి దినం చెప్పుడేంది? సప్పుడు చెయ్యకుండ్రి."

ముగ్గురూ వీలైనంత మెల్లగా మాట్లాడుకున్నారు. వంటింటి కిటికీలోంచి యమునాబాయి వాళ్ల వైపు ఒకసారి చూసి, మళ్లీ కూర కలుపుకుంది.

రహమత్ భాయ్ అరవై ఏళ్ల మనిషి. ముప్ఫై ఏళ్లుగా తెలుగువాళ్లతో మగ్గాలు నడిపిస్తూ తెలుగు మాట్లాడడం నేర్చాడు. ఆయన చాయ్‌లో బిస్కెట్టు ముంచుతుండగా ముగ్గురు ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"ఎవరు పోయిండ్రు?" అన్నాడాయన లేచి.

"ఎవలు పోలే భాయ్. నీకు దెబ్బలు యాడ తగిలినయ్?"

"నాకేం దెబ్బల్? చాయ్ తాగుతున్న."

"మంచోనివి, దాస్తున్నవ్," అంది కనకవ్వ. "కిషన్ నిన్ను కొట్టిండని ఫోన్ వచ్చింది."

రహమత్ భాయ్ అనుమానం కొద్దీ తన చేతులు ఒకసారి చూసుకున్నాడు. "కిషన్ కొట్టుడేంది? వాడు పిల్లిని అదిలించినోడు కాదు. ఇంకో రహమత్ అయ్యుంటడు. టైర్ల రహమత్."

ఆయన చెప్పులు వేసుకుని ముందు నడిచాడు. రోడ్డు మీద టైర్ల దుకాణంలో రెండో రహమత్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అతని కుడి చేతికి కట్టు ఉంది. మెడకు గుడ్డతో వేలాడదీసి ఉంది. నలుగురూ ఆ కట్టు వైపు చూశారు.

"ఎట్లయింది?" అన్నాడు రహమత్ భాయ్ మృదువుగా.

"స్కూటర్ మీదికెళ్లి పడ్డ. మొన్న బుధవారం."

"ఎవలు పడేసిన్రు?" అంది కనకవ్వ.

"గుంత."

"భయపడుతుండు," అంది కనకవ్వ మిగతావాళ్లతో. "పేరు చెప్తలేడు."

టైర్ల రహమత్ ఎంత చెప్పినా వాళ్లు నమ్మలేదు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, కిషన్‌తో క్షమాపణ చెప్పించి, అటునుంచి మాసికం భోజనానికి తీసుకుపోదామని రహమత్ భాయ్ తీర్మానించాడు. చేతికి కట్టు ఉన్న మనిషి ముందు నడుస్తుంటే వెనక నడిచేవాళ్లు తక్కువ పడరు. అందులోనూ శుక్రవారం, ఎవరికీ పని లేదు. కిషన్ పొద్దున సీడీ పట్టుకుని పోయింది శంకరరావు దుకాణానికే గనుక అటే నడిచారు. నాకా చేరేసరికి ముప్ఫై మందయ్యారు.

దుకాణం ముందు గుంపును చూసి కిషన్ లేచి నిలబడ్డాడు. సీడీ సంగతి అప్పుడే అందరికీ తెలిసిపోయిందనుకున్నాడు. గుంపు ముందు తండ్రి పనిచేసిన షెడ్డు యజమాని. కిషన్ చేతులు జోడించాడు.

"భాయ్, తప్పు నాదే," అన్నాడు.

గుంపు ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"శంకరన్న చెప్పిందొకటి, నేను చేసిందొకటి. నేనే 'మార్' అన్న. నా నోటితోనే అన్న."

"ఎందుకన్నవ్ బేటా?" అన్నాడు రహమత్ భాయ్.

"తెల్వక అన్న. అర నిమిషంల అయిపోయింది. అమ్మకు ఏం చెప్పాల్నో తెలుస్తలేదు. ఇంక బతుకుతదో లేదో మేడమ్ చూస్తున్నది."

గుంపంతా టైర్ల రహమత్ వైపు తిరిగింది. అతను బడిలో పిల్లవాడిలా కట్టు లేని చేయి ఎత్తాడు.

"నేను బతికే ఉన్న," అన్నాడు. "నన్ను ఎవలు కొట్టలే. ఈ పిలగాన్ని నేను ఎన్నడు చూడలే. నా దుకాణం తెరిచే ఉన్నది. నేను పోవచ్చా?"

అప్పుడే శంకరరావు ఆటో దిగాడు. అతను వస్తోందనుకున్న బండి గూడ్సు బండి. అసలు రైలు అంతకుముందే వెళ్లిపోయింది. భివండీ రోడ్‌లో ఒక రైలు తప్పితే ఇంకో రైలు కోసం చూడరు, ఇంటికి వస్తారు. సగం అడిగి, సగం చూసి, అతను సంగతి తెలుసుకున్నాడు.

"నేనేం చెప్పిన?" అన్నాడు కిషన్‌తో.

"ఫార్మాట్ మార్చుమన్నవ్."

"నువ్వేం చెప్పినవ్?"

"ఫార్మాట్ మార్ అన్న."

"మార్చు అంటే బదల్‌నా. ఫార్మాట్ మార్ అంటే మొత్తం తుడిచెయ్యమని."

"ఒక్క 'చు'నే గదన్నా పోయింది."

"ఆ 'చు'తోని నా దుకాణంల ఏడేండ్ల పెండ్లిళ్లు పోయినయ్," అన్నాడు శంకరరావు.

గుంపులో చాలామంది మొగుడూపెళ్లాలు ఉన్నారు. ఆ మాటకు వాళ్లు కొంచెం సర్దుకుని నిలబడ్డారు. కనకవ్వకు అప్పుడు ఫోన్ సంగతి వెలిగింది. ఆమె ఏమీ అనకుండా ఆగమ్మ వెనక్కి జరిగింది.

ఈ గొడవంతా జరుగుతున్నంతసేపూ ఆర్తి తల ఎత్తలేదు. ఆమె వెతుకుతోంది. తాను చేసింది పైపై పని కాబట్టి పుస్తకాలు తగలబడలేదని, అట్టల మీది పేర్లే చిరిగిపోయాయని, ఓపికగా ఒక్కొక్కటీ తెరిచి చూస్తే దొరుకుతాయని ఆమె శంకరరావుకు చెప్పింది. ఆమె ఆ మాట చెబుతుండగానే కరెంటు పోయింది.

"యూపీఎస్ పావుగంట ఆగుతది," అన్నాడు శంకరరావు. "మధ్యల బందైతే మళ్ల మొదటికే."

ఆ పావుగంటలో భివండీ మనుషులు ఏం చేయగలరో అక్కడివాళ్లు చూశారు. రహమత్ భాయ్ గోదాము రెండు గల్లీల అవతల. అందులో ఒక జెనరేటర్ ఉంది. కొట్లాట చూద్దామని వచ్చిన ముప్ఫై మందీ దాన్ని చేతి బండి మీద పెట్టి, మలుపుల దగ్గర బండితో సహా ఎత్తి, తెచ్చారు. టైర్ల రహమత్ ఒంటి చేత్తోనే ముందు నడిచి ఆటోలను పక్కకు తప్పించాడు. పద్నాలుగో నిమిషంలో జెనరేటర్ దుకాణం ముందు గర్జించింది.

పేరు లేని ఫైళ్లు రెండు వందల పన్నెండు బయటపడ్డాయి. ఆర్తి ఒక్కొక్కటీ తెరిచి, ఒక్క క్షణం చూసి, మూసింది. గుంపు ఆమె భుజాల మీదుగా చూసింది. జెనరేటర్ చప్పుడులో ఎవరి మాటా వినబడదు. అయినా వెనక వరుసలో వాళ్లు కూడా హాయిగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. పెండ్లిళ్లు, పెండ్లిళ్లు, ఒక గృహప్రవేశం, మళ్లీ పెండ్లిళ్లు. సత్తెమ్మ తన బిడ్డ పెండ్లి గుర్తుపట్టి ఆపమంది. ఎవరూ ఆపనివ్వలేదు. ఎనభై ఏడో ఫైలులో లక్ష్మీనర్సయ్య కనబడ్డాడు. చొక్కా పై గుండీ పెట్టుకుని, వెనక మగ్గాలతో, నిటారుగా నిలబడి ఉన్నాడు. గుంపులో కదలిక ఆగిపోయింది. రహమత్ భాయ్ టోపీ సరిచేసుకున్నాడు. ఆర్తి ఆ ముఖాన్ని ఒక్క క్షణం ఎక్కువ చూసి, ఫైలు మూసి, ఏ ప్లేయరూ కాదనలేని మామూలు వీసీడీ ఫార్మాట్‌లోకి దాన్ని మార్చడం మొదలుపెట్టింది.

మార్చడానికి గంటన్నర పట్టింది. తెర మీద అంకె పెరుగుతుంటే, ఆర్తికి తెలిసిన తెలుగు అదొక్కటే గనుక, ఆమె తెలుగులోనే చెప్పింది. "నలభై." "యాభై రెండు." ఆ అంకె నోటి నుంచి నోటికి రోడ్డు చివరిదాకా వెళ్లింది. ఆమె కోసం రెండుసార్లు టీ తెప్పించారు. రెండూ టైర్ల రహమత్ తాగాడు. "నూరు," అన్నప్పుడు అప్పటిదాకా తన దుకాణానికి ఎప్పుడు పోతానా అని చూస్తున్న అతనే అందరికన్నా ముందు చప్పట్లు కొట్టబోయి, చేతి కట్టు గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఇంట్లో వంటలు చల్లారాయి. కొడుకు లేకుండా మాసికం కాదు గనుక అందరూ ఆగారు. ఆగినవాళ్లు కూడా ఎక్కువమంది లేరు, సగం మంది నాకా దగ్గరే ఉన్నారు. మూడింటికి కిషన్ వచ్చి, స్నానం చేసి, తండ్రికి పెట్టవలసినవి పెట్టాడు. భోజనాల దగ్గర యమునాబాయి గారెలు వడ్డిస్తూ రహమత్ భాయ్ ముందు ఆగింది.

"భాయ్, దెబ్బలు మానినయా?" అంది.

ఆమెకు ఎవరు చెప్పారని కనకవ్వ ఆగమ్మను చూసింది. ఆగమ్మ సత్తెమ్మను చూసింది.

"నాకెవలు చెప్పాలె?" అంది యమునాబాయి. "నా కొడుకు ఈగను కొట్టాలన్నా వానికి రెండుసార్లు చెప్పాలె. అందుకే కూర దించి ఉరికి రాలే."

నాలుగింటికి కరెంటు వచ్చింది. ఇంట్లో పట్టినంతమంది ఇంట్లో, మిగతావాళ్లు వాకిట్లో కూర్చున్నారు. యమునాబాయిని టీవీకి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. కిషన్ సీడీ వేశాడు. ప్లేయర్ ఈసారి ఏమీ అనలేదు. తెర మీద లక్ష్మీనర్సయ్య వచ్చాడు. నోరు తెరిచి మాట్లాడడం మొదలుపెట్టాడు.

శబ్దం లేదు.

కిషన్ రిమోట్‌తో సౌండు పెంచాడు. నిండా పెంచాడు. టీవీ వెనక వైర్లు పీకి పెట్టాడు. ఫైలు మారేటప్పుడు ధ్వని రాలేదు; జెనరేటర్ మోతలో అక్కడెవరూ అది గమనించలేదు. తెర మీద తండ్రి పెదవులు కదులుతున్నాయి, చేతులు కదులుతున్నాయి, మాట లేదు. ఆరు నెలలు ఆగి, ఇంతమందిని తిప్పలు పెట్టి, చివరికి తల్లికి తెచ్చింది ఒక మూగ బొమ్మను. కిషన్ టీవీ వెనక నుంచి లేవలేకపోయాడు.

అప్పుడు గదిలో నవ్వు వినబడింది.

తనను చూసి నవ్వుతున్నారనుకున్నాడు. తల బయటికి పెట్టి చూశాడు. ఎవరూ అతన్ని చూడడం లేదు. అందరి కళ్లూ తెర మీద ఉన్నాయి. తండ్రి చేయి తిప్పి ఏదో అన్నాడు. యాభై మందీ ఒక్కసారే నవ్వారు. రహమత్ భాయ్ తొడ మీద చరుచుకున్నాడు.

"అమ్మా, సౌండ్ లేదు. జర ఆగుండ్రి, రేపు మంచిగ చేయిస్త," అన్నాడు కిషన్.

"సప్పుడు చెయ్యకురా," అంది కనకవ్వ. "మీ బాపు మాట వినవడనియ్యి."

కిషన్ తెరను వదిలి వాళ్ల ముఖాలు చూశాడు. అప్పుడు అతనికి తెలిసింది. నలభై మగ్గాల చప్పుడులో జీవితమంతా పనిచేసినవాళ్లు మాటను చెవితో వినరు. అవతలి మనిషి పెదవుల మీద చదువుకుంటారు. ఈ గదిలో చదువు లేనివాళ్లందరూ చదువుతున్నారు. పన్నెండో తరగతి పాసైన తనకొక్కడికే అక్షరం ముక్క అర్థం కావడం లేదు.

రెండోసారి వేసినప్పుడు నేహ అతని చేయి పట్టుకుని తీసుకొచ్చి కనకవ్వ పక్కన కూర్చోబెట్టింది. వేలిముద్ర వేసే కనకవ్వ తెర వైపు చూస్తూ అతనికి చదివి వినిపించింది.

"'అందరు నన్ను పెద్ద జాబర్ అంటరు. సాంచా ఆగితే మనిషిని తోలుతరు. నేను పోత. పానా పట్టుకోని సుట్టు తిరుగుత. నాకేం సమజ్ కాదు.' ఆగు, మల్ల చేయి అడ్డం పెట్టిండు. ఆ. 'ఇంటికొచ్చి, సాంచా ఎట్ల మోగుతున్నదో మా ఇంటామె ముందట నోటితోని మోగిచ్చి చూపెడ్త. ఆమె కండెలు సుట్టుకుంటనే, పట్టా వదులైంది పో అంటది. పోయి బిగిస్త. నడుస్తది. నలభై ఏండ్లు. పేరు నాది, చెవి ఆమెది.' గీడ ఆమె దిక్కు చేయి చూపెట్టిండు."

కనకవ్వ అక్కడ ఆగింది. కిషన్‌కు చిన్నప్పటి నుంచి తెలిసిన దృశ్యం అది. సాయంత్రం తండ్రి తల్లి ఎదురుగా కూర్చుని నోటితో టకటకమని చప్పుళ్లు చేసేవాడు. తల్లిని నవ్వించడానికనే అతను అనుకునేవాడు.

"అంతేనా చిన్నమ్మా?"

"ఇంకున్నది. 'గీ మాట ఇంట్ల ఎన్నడు చెప్పలే. చెప్తే నెత్తికెక్కుతది. టీవీల చెప్తే ఫికర్ లేదు. టీవీ పెట్టంగనే ఆమె నిద్రపోతది.'"

మళ్లీ అందరూ నవ్వారు. యమునాబాయి నవ్వలేదు. నిద్రపోలేదు కూడా. మొదటిసారి చూసినప్పుడు కదలకుండా కూర్చున్న మనిషి, రెండోసారి అయిపోయాక లేచి వెళ్లి, కొంగుతో టీవీ అద్దం మీది దుమ్ము తుడిచింది. ఆ అద్దాన్ని ఉదయమే నేహ తుడిచింది.

మరుసటి శుక్రవారం ఆర్తి తనే వెతుక్కుంటూ కామత్‌ఘర్ వచ్చింది. పోయిన ధ్వనిని వారం రోజులు కూర్చుని వెతికి, బొమ్మకు జతచేసి, కొత్త సీడీ తెచ్చింది. డబ్బులు తీసుకోలేదు. యమునాబాయి ఆమెకు టీ ఇచ్చింది. ఈసారి అది ఆమే తాగింది. కిషన్ గర్వంగా సీడీ వేసి సౌండు నిండా పెంచాడు.

నలభై మగ్గాల మోత ఇల్లంతా నిండింది. ఆ మోత మీద ఒక వయొలిన్ ఏడ్చింది. వయొలిన్ మీద ఒక అమ్మాయి గొంతు, 'కన్నీటిని పోగులుగా నేస్తున్న ఈ వృద్ధ కార్మికుడి ఆవేదన వింటే రాతి గుండె కూడా కరుగుతుంది' అంటూ రెండున్నర నిమిషాలు ఆపకుండా మాట్లాడింది. తెర మీద లక్ష్మీనర్సయ్య చేయి తిప్పుతూ నవ్వుతున్నాడు. ఆయన గొంతు ఎక్కడా లేదు.

యమునాబాయి గది అవతల నుంచి కిషన్ వైపు తిరిగి పెదవులు కదిపింది. మొదటిసారిగా, అతనికి రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు.

"సౌండ్ బంద్ చెయ్యిరా. మీ బాపు మాట వినవడ్తలేదు."